నాలుగో నెంబరా, పదో నెంబరా

మొన్న మా తమ్ముడి కొడుకు కొత్తగా పెట్టిన వర్క్‌షాపు చూడడానికి వేలూరు వెళ్లాను. నేను వచ్చి చూస్తే గానీ తనకు తృప్తి లేదని రెండు ఉత్తరాలు రాశాడు. లోపల సిమెంటు నేల, ట్యూబులైట్లు, ఆకుపచ్చ రంగు వేసిన మిల్లింగ్ మిషన్లు మూడు. గోడవారగా ఒక ఇనుప బీరువా ఉంది. దాని తలుపు తీసి చూపించాడు. అరల నిండా వరసగా గుంటలు, ఒక్కో గుంటలో కోత పనిముట్టును బిగించే టూల్ హోల్డరు ఒక్కోటి, మొన కిందికి పెట్టిన బొంగరాల్లా నిలబడి ఉన్నాయి. "ఇవన్నీ ఒకే కొలత అత్తా. ఏది తీసి ఏ మిషన్లో పెట్టినా టక్కని కూసుంటాది. ఆలోచించే పనే లేదు" అన్నాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బరువుగా, చల్లగా, నూనె జిడ్డుతో ఉంది. నేను మాట్లాడకపోవడం చూసి మెచ్చుకుంటున్నాననుకున్నాడు పిల్లవాడు. నేనేమో అదే వేలూర్లో, పదిహేనేళ్ల పిల్లనై, మా నాయన పక్కన వీధి తిన్నె మీద కూర్చుని ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాస్తున్నాను. ఆ ఉత్తరంలో నేను ఒక అంకె మార్చాను. ఆ తరువాత నాలుగు వారాలు నాకు అన్నం సహించలేదు.

మా ఇల్లు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధివైపు గది నాయన పనిచేసే చోటు. దాన్ని మేము పట్టర అనేవాళ్లం. అందులో ఒక లేత్, ఒక బెంచీ, గోడ నిండా ఆకురాళ్లు, సుత్తులు. మధ్య గదిలో మేము తినడం, పడుకోవడం. వెనక వంటిల్లు, దాని వెనక దొడ్లో ఆయిల్ ఇంజను. ఇంజను వేస్తే ఇల్లంతా సన్నగా వణికేది. గూట్లో ఇత్తడి చెంబులు ఒకదానికొకటి తగులుకుని గలగలమనేవి. అమ్మ వాటి మధ్య పాత గుడ్డపేలికలు దోపేది. ఇనుము కోసేటప్పుడు పోసే సబ్బునీళ్లు కాలిన వాసన, ఇనుప పొట్టు వాసన, పొద్దున్నే చద్దిలోకి అమ్మ నూరే వెల్లుల్లి కారం వాసన, ఈ మూడూ కలిసిందే నాకు మా ఇంటి వాసన. మధ్యాహ్నం అన్నానికి ముందు అమ్మ నాయన చేతుల్లో చింతపండు పిప్పి, బూడిద పెట్టి నీళ్లు పోసేది. ఎంత తోమినా ఆయన వేళ్ల గీతల్లో నలుపు పోయేది కాదు. మిద్దె మీద ఎండబెట్టిన వడియాల మీద కూడా సన్నటి ఇనుప నుసి పడేది. "అక్కా, మీ ఇంటి వడియాలు తింటే రక్తం పడతాది" అని నవ్వేవాడు మామ.

మామ అంటే అమ్మ తమ్ముడు. గుడియాత్తంలో ఉండేవాడు. నాయనదీ ఆ ఊరే, నేతవాళ్ల ఇల్లే. కానీ నాయన చిన్నప్పుడే మగ్గం గుంటలో కూర్చోలేక రైలు షెడ్డులో ఫిట్టరు పనికి పోయి, ఆ పని నేర్చుకుని వచ్చి వేలూర్లో లేత్ పెట్టాడు. ఆయనకు ఏ భాషలోనూ చదవడం రాదు. ఇంట్లో తెలుగు, బజార్లో అరవం, రెండూ నోటిమాటలే. అంగుళం బద్ద మీది గీతలు మాత్రం ఆయనకు కంటికన్నా ముందు గోటికి తెలిసేవి. నన్ను ఆడపిల్లల మిషనరీ బడికి పంపింది కూడా, పట్టరకు వచ్చే కాగితాలు ఎవరో ఒకరు చదవాలి గదా అనే. తమ్ముడు అప్పటికి చంకబిడ్డ. తెలుగు అక్షరాలు నేను పెళ్లయి చిత్తూరు వెళ్లాక నేర్చుకున్నవే. అప్పటికి నాకు వచ్చింది ఇంగ్లీషు, అరవం.

మామ ఇంట్లో ఎనిమిది మగ్గాలు. అంతకు రెండేళ్ల ముందు ఆయన ఉత్సాహపడి ఆ మగ్గాలన్నిటికీ ఇనుప పళ్ల చక్రాలు బిగించాడు. నేసిన లుంగీ గుడ్డ తనంతట తానే కొంచెం కొంచెంగా చుట్టుకునే ఏర్పాటు అది. కొన్నాళ్లు బాగానే జరిగింది. తరువాత ఆ పోత ఇనుప చక్రాల పళ్లు ఒక్కొక్కటే విరగడం మొదలైంది. పన్ను లేని చోటుకు వచ్చేసరికి చక్రం జారి, గుడ్డలో వేలెడు సందు పడేది. అలాంటి గుడ్డను వ్యాపారి ముట్టుకునేవాడు కాదు. చక్రాలు అమ్మిన మనిషి దుకాణం ఎత్తేసి ఎక్కడికో వెళ్లిపోయాడు. ఎనిమిదింటిలో ఆరు మగ్గాలు ఆగిపోయాయి. గంజి వాసనతో, నాడెల చప్పుడుతో ఎప్పుడూ మాటలు వినపడకుండా ఉండే ఆ ఇంట్లో, నేను ఆ వేసవిలో పోయినప్పుడు పిచ్చుకల అరుపు వినిపించింది. నాకు భయం వేసింది.

గనులకు మనుషులను కుదిర్చే కంగాణి ఒకడు అప్పటికే రెండుసార్లు మామ ఇంటికి వచ్చి పోయాడు. ఆడి నెలలో వచ్చే కృత్తిక పండగ అయ్యాక మళ్లీ వస్తానని, అప్పుడు అవునో కాదో చెప్పమని గడువు పెట్టాడు. మామ, అత్త, ముగ్గురు పిల్లలు కోలారు గనులకు పోవాలి. ఆ మాట విన్న రోజు అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "భూమిలోకి దిగి బతికేదానికి మనమేమన్నా ఎలుకలమా?" అంది. నాయన లేచి మదరాసు పోయాడు. వారం తరువాత ఒక ఎద్దుబండి మా ఇంటి ముందు ఆగింది. దాని మీద, మూసేసిన ఒక వర్క్‌షాపు నుంచి ఆయన బేరమాడి తెచ్చిన చిన్న మిల్లింగ్ మిషన్ ఉంది. చక్రం అంచున సమంగా పళ్లు కోయాలంటే అలాంటిది ఉండాలి. లేత్ మీద అయ్యే పని కాదు.

మిషన్ మంచిదే. పళ్లు కోసే కట్టర్లు మూడు డబ్బాలో ఉన్నాయి. చక్రాన్ని సమభాగాలుగా తిప్పే తల కూడా ఉంది. లేనిది ఒక్కటే, ఆర్బర్. కట్టరును గుచ్చి, మిషన్ కదురులో బిగించే ఉక్కు కడ్డీ అది. మిషన్‌లో తిరిగే ఇరుసును నాయన కదురు అనేవాడు, నేతవాళ్ల బిడ్డ గదా. ఆర్బర్‌ను ఆర్పరు అనేవాడు. అది తనే చేసుకోవచ్చని మొదట అనుకున్నాడు. దొరికిన ఇనుముతో లేత్ మీద రెండు రోజులు తిప్పి ఒకటి చేశాడు. అది కదురు నోటి దగ్గర బిగువుగానే ఉంది గానీ లోపల ఆడింది. కట్టరు తిరుగుతుంటే వణికింది. రెండు చక్రాలు పాడయ్యాయి. ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం. నాయన ఆ చక్రాలను బెంచీ మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నా లేత్‌కి వయసైపోయింది పాపా. మంచి ఉక్కుదే తెప్పించాల" అన్నాడు.

ఇనుప సామాన్ల శెట్టిగారు మదరాసు కంపెనీ కేటలాగు ఇచ్చారు. బజార్లో పెద్ద దుకాణం ఆయనది. మావంటి వాళ్లే, ఇంట్లో తెలుగు. ముక్కుపొడుం పీల్చి, పంచె కొంగుతో వేళ్లు తుడుచుకుని గానీ ఏ మాటా చెప్పేవారు కాదు. "నువ్వే రాసుకో మేస్త్రీ. మీ పాప ఇంగ్లీషు రాస్తాదంట గదా" అన్నారు. వారం రోజులు పొద్దున పూట నాయనా నేనూ తిన్నె మీద కూర్చుని ఆ పుస్తకం చదివాం. నేను ఒక్కో పంక్తి చదివి మా మాటల్లో చెప్పేదాన్ని. బొమ్మల్లో ఎన్ని ఆర్బర్లు! పొడుగువి, పొట్టివి, ముప్పాతిక అంగుళానివి, అంగుళానివి. పొడుగుదైతే అన్ని పనులకూ పనికొస్తుందని రాసి ఉంది. నేను అదే తెప్పిద్దామన్నాను. నాయన తల అడ్డంగా ఊపాడు. "పొడుగు కడ్డీ వంగుతాది. మనం కోసేది అరచెయ్యంత చక్రం. పొట్టిది, లావుది కావాల. కట్టర్ల బెజ్జం అంగుళం, అందుకని అంగుళందే." అంతవరకు చిక్కులేదు.

చిక్కంతా కదురులోకి పోయే తోక దగ్గర వచ్చింది. కదురులో బెజ్జం లోపలికి పోయే కొద్దీ సన్నబడుతుంది. ఆర్బర్ తోక కూడా సరిగ్గా అంతే వాలుతో సన్నబడాలి. అప్పుడే అది కరుచుకుంటుంది. కేటలాగులో రెండు జాతుల తోకలున్నాయి. ఒక జాతిలో నాలుగో నెంబరు, రెండో జాతిలో పదో నెంబరు, నోటి దగ్గర రెండూ ఇంచుమించు అంగుళం పావే. తేడా వాలులోనే. మూడు అంగుళాలు లోపలికి పోయేసరికి పదో నెంబరు అంగుళంలో ఎనిమిదో వంతు సన్నబడుతుంది. నాలుగోది దానికన్నా ఇంకొక ముప్పై రెండో వంతు ఎక్కువ సన్నబడుతుంది. గోరు మందం తేడా అనుకోండి. మామ ఇల్లంతా ఆ గోరు మందం మీద నిలబడి ఉంది. ఎందుకంటే తప్పుది వస్తే, దాన్ని తిప్పి పంపి ఇంకొకటి తెప్పించేలోపు ఆడి కృత్తిక దాటిపోతుంది.

శెట్టిగారు ఒక సాయంత్రం వచ్చి, కదురులోకి వేలు పెట్టి తిప్పి, "నాలుగో నెంబరే. మన పక్క వచ్చే మిషన్లన్నీ అదే. సందేహం వద్దు" అన్నారు. నాయనకు తృప్తి కాలేదు. లోపలి బెజ్జాన్ని బయట పెట్టి కొలిచే దారి ఏమిటని ఆలోచించాడు. రైలు షెడ్డులో ఒక ముసలి ఫిట్టరు గంధకం కరిగించి పోసేవాడని గుర్తుకొచ్చింది. గుడియాత్తంలో అగ్గిపుల్లలు చేసేవాళ్లకు గంధకం వస్తుంది గదా, మామకు కబురు పెడితే కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. కదురును ఊడదీసి, నిలువుగా నిలబెట్టి, అడుగున గుడ్డ కుక్కి, లోపల నూనె రాశాం. అమ్మ ఇనుప గరిటెలో గంధకం పెట్టి సన్నటి నిప్పుల మీద కరిగించింది. ఒక చెయ్యి కొంగుతో ముక్కు మూసుకుంటే, ఇంకో చేత్తో గరిటె. "నా తమ్ముడి కోసం గనక ఈ కంపు భరిస్తాండా" అంది. కరిగినదాన్లో దీపపు మసి కలిపి నాయన బెజ్జంలోకి పోశాడు. చల్లారాక అడుగు నుంచి మెల్లగా తడితే, బూడిద రంగు ముద్ద నున్నగా జారి వచ్చింది. కదురు లోపల ఎలా ఉందో అచ్చం అలాగే.

నాయన దాని మీద మూడంగుళాల దూరంలో రెండు గీతలు గీశాడు. కాలిపర్ పెట్టి రెండు చోట్లా పట్టి, బద్ద మీద ఆనించి చూశాడు. నన్ను కూడా చూడమన్నాడు. నాలుగుసార్లు చూశాం. నాలుగుసార్లూ తేడా ఎనిమిదో వంతే. అంటే పదో నెంబరు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ మర్నాడు శెట్టిగారు ఆ ముద్దను చూసి పెద్దగా నవ్వారు. "గంధకం చల్లారితే ముడుచుకోదా మేస్త్రీ? ముద్ద మాట నమ్మి ఉక్కు తెప్పిస్తావా? నేను ముప్పై ఏండ్లుగా ఇనుము అమ్ముతాండా." నాయన ముఖంలో నమ్మకం కరగడం నేను కళ్లారా చూశాను. చదువు రానివాడికి, చదువూ అంగడీ ఉన్న మనిషి గట్టిగా చెబితే, తన చేతులు తనకే అబద్ధాలుగా కనిపిస్తాయి. శెట్టిగారు వెళ్లాక తిన్నె మీద కూర్చుని, "రాయి పాపా. నాలుగో నెంబరు" అన్నాడు.

"నాయనా, ముద్ద పది అంటాది గదా" అన్నాను.

"ఆయన పెద్దమనిషి. ఆయనకు తెలీనిదా? రాయి."

రాశాను. పొట్టిది, లావు అంగుళం, కట్టరు జారకుండా ఉండే గాడితో. నెంబరు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఆ తరువాత నా చెయ్యి పది అని రాసింది. ఆ జాతి పేరు కూడా రాసింది. "రాసింది చదువు" అన్నాడు నాయన, ఎప్పటిలాగే. నేను చదివాను. నెంబరు దగ్గర ఆగకుండా "నాలుగు" అని చదివాను. ఆయన తల ఊపి, కవరు అంటించమన్నాడు. తపాలా పెట్టెలో వేసి వచ్చేదాకా నాకు గర్వంగానే ఉంది. ఇంటికి వచ్చాక నాయన కాళ్లు కడుక్కుంటూ, "మా పాప లేకపోతే నేను గుడ్డివాడే" అని అమ్మతో అంటుంటే విన్నాను. అప్పుడు మొదలైంది గుబులు.

ఆ నాలుగు వారాలూ నేను లెక్కలు వేస్తూనే ఉన్నాను. కాలిపర్ పట్టినప్పుడు చెయ్యి కదిలిందేమో. గంధకం నిజంగానే ముడుచుకుందేమో. బడి పుస్తకాల్లో వెతికాను, అందులో గంధకం రంగు, వాసన గురించి ఉంది గానీ ముడుచుకునే సంగతి లేదు. నాలుగు అని రాసి ఉంటే, తప్పయినా తప్పు శెట్టిగారిది. ఇప్పుడు తప్పయితే అది నాది, అదీ దొంగతనంగా చేసింది. నాయనతో చెప్పేద్దామని ఎన్నోసార్లు పట్టర గడప దాకా పోయి, మంచినీళ్లు కావాలా అని అడిగి తిరిగొచ్చాను. అమ్మ నాకు దిష్టి తగిలిందని ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఒక ఆదివారం మామ వచ్చాడు. మిగిలిన రెండు మగ్గాల్లో ఒకటి కూడా ఆగిపోయిందని చెప్పి, "పోనీలే బావా, గనుల్లో రేషను బియ్యం ఇస్తారంట" అని నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు. నేను దొడ్లోకి వెళ్లి ఇంజను వెనక కూర్చున్నాను.

ఆడి కృత్తికకు ఇంకా తొమ్మిది రోజులుందనగా పార్సెలు కాట్పాడి స్టేషనుకు వచ్చింది. శెట్టిగారి సరుకుతో పాటు ఆయన బండిలోనే మా ఇంటికి చేరింది. ఆయన కూడా వెంట వచ్చారు. చెక్కపెట్టె మూత ఊడదీసి, గడ్డి తీసి, మైనపు కాగితం విప్పితే, లోపల నీలం మెరుపుతో ఆర్బర్ పడుకుని ఉంది. శెట్టిగారు దానికి కట్టిన చీటీ అద్దాలు పెట్టుకుని చదివారు. "అయ్యో మేస్త్రీ, పదో నెంబరు పంపించినారు గదప్పా! మనం రాసింది నాలుగు గదా. కంపెనీ గుమాస్తాకి కండ్లు లేవా? పెట్టెలోనుంచి తియ్యొద్దు. ఈ పొద్దే వాపసు పంపించు, నేను గట్టిగా రాయిస్తా."

నాయన సుత్తి కింద పెట్టేశాడు. ఆయన పెదవులు కదలడం చూశాను. రోజులు లెక్క పెడుతున్నాడు. ఆ గుమాస్తా ఎవరో, ఏ ఊరివాడో, ఎలా ఉంటాడో నాకు తెలియదు. కానీ నా మూలంగా తిట్లు తింటున్నాడు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. వాళ్ల తప్పు కిందనే పోయేది, కానీ పెట్టె కూడా వాపసు పోయేది.

"వాళ్ల తప్పు కాదు నాయనా. నేనే పది అని రాసినా. చదివేటప్పుడు నాలుగని చదివినా."

శెట్టిగారు అద్దాలు తీసి నన్ను చూశారు. నాయన నన్ను చూడలేదు. వంగి, ఆర్బర్‌ను పెట్టెలోంచి తీసి, చీటీ తెంపి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. కదురు లోపల కూడా తుడిచాడు. సుద్దముక్కతో తోక పొడవునా మూడు గీతలు గీసి, కదురులోకి మెల్లగా తోసి, కొద్దిగా తిప్పి, వెనక్కి లాగబోయాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. రాలేదు. వెనక నుంచి కొయ్య సుత్తితో ఒక దెబ్బ వేస్తే గానీ ఊడలేదు. వెలుతుర్లోకి తెచ్చి చూశాడు. సుద్ద గీతలు మూడూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా చెరిగిపోయి ఉన్నాయి. ఎక్కడా ఒక చుక్క మిగల్లేదు. అంటే అంతటా ఆనింది. అంతటా కరుచుకుంది.

"కూసునింది" అన్నాడు నాయన. నేను గడప మీదే కూర్చుండిపోయాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందేమైందని అడుగుతుంటే ఏడుస్తూ నవ్వుతున్నాను. శెట్టిగారు తప్పు ఒప్పుకోలేదు. "ఏదో ఒకటి, పని జరిగింది గదా" అని పొడుం పీల్చి లేచారు. కానీ గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చి, ఆ గంధకం ముద్ద ఉంటే ఒకసారి ఇవ్వమని, అంగట్లో ఉంచుకుంటానని పట్టుకుపోయారు.

ఆ మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక నాయన నన్ను పిలిచాడు. కోపంగా లేడు. అదే కష్టంగా ఉంది నాకు.

"కొలత సరిపాయె. నువ్వు చేసింది మాత్రం సరి కాదు పాపా. నాకు కండ్లు నువ్వు. కండ్లే అబద్ధం చెప్తే నేను యాడికి పోయేది?"

"నువ్వు వినవని…"

"వినకపోతే కొట్లాడు. గొంతెత్తి అరువు. అన్నం మానుకో. చదివేటప్పుడు మాత్రం ఉండేది ఉండేట్టు చదువు. నీ మాట చెప్పాలనుకుంటే నా మాట ఇదీ అని చెప్పు. రెండూ కలపొద్దు." తన అరచేతులు చూసుకుని, "తప్పు నాదీ ఉండాది. నా చెయ్యి చెప్పింది నేనే నమ్మలా" అన్నాడు.

వారం రోజుల్లో ఎనిమిది చక్రాలు అయ్యాయి. కట్టరు కొంచెం కూడా వణకలేదు. సబ్బునీళ్లు పోస్తూ నేను ప్రతి పన్నూ లెక్కపెట్టాను. నాయనా నేనూ వాటిని గోనెసంచిలో వేసుకుని, జట్కాలో కాట్పాడి పోయి రైలెక్కాం. మామ మొదటి మగ్గానికి చక్రం బిగించి, కూర్చుని, నాడె విసిరాడు. జానెడు నేశాడు, మూరెడు నేశాడు. అత్త గుడ్డను వెలుతురుకు పట్టి, సందు కోసం వేళ్లతో తడిమి తడిమి చూసి, నా రెండు చెంపలూ గట్టిగా పట్టుకుంది. సాయంత్రానికి నాడెల చప్పుడులో ఆ ఇంట్లో మాటలు వినిపించడం మానేశాయి. కంగాణి వచ్చినప్పుడు మామ లేచి కూడా చూడలేదట. మగ్గం మీది నుంచే "పోయిరా అన్నా" అన్నాడట.

మా తమ్ముడి కొడుకు బీరువాలో ఉన్న హోల్డర్లలో ఏది ఏ మిషన్‌కని ఎవరూ తలపట్టుకోనక్కర్లేదు. ప్రపంచమంతా కూడబలుక్కుని ఒక కొలతకు వచ్చింది. మంచిదే. ఆ నాలుగు వారాల లాంటివి ఇంకో ఆడపిల్లకు రాకూడదు. పాత రోజులే గొప్పవని నేను అనను. ఆ రోజుల్లో ఒక గోరు మందం తప్పితే ఐదుగురు మనుషులు భూమి కిందికి దిగవలసి వచ్చేది. అయితే తిన్నె మీద ఇద్దరం ఒక పుస్తకం మీద వంగి, ఒక ఇనుప ముక్క కోసం వారం రోజులు ఆలోచించడం నాకు అప్పుడే దొరికింది. నాయన చేతికి ఏం తెలుసో, ఎంత తెలుసో నాకు తెలిసింది అప్పుడే.

చక్రాల సంగతి గుడియాత్తం అంతా తెలిసి, ఇంకా నలుగురు వచ్చారు. ఇరుసుల మీద గాడి కోసే పని కూడా రావడం మొదలైంది. దానికి చిన్న కట్టర్లను పట్టుకునే హోల్డరు ఒకటి కావలసి వచ్చింది. మళ్లీ కేటలాగు, మళ్లీ తిన్నె. నేను కలం తీసి, ఆయన చెప్పేది రాయడానికి సిద్ధంగా కూర్చున్నాను. నాయన బొమ్మలు చూస్తూ చూస్తూ తలెత్తి, "నువ్వేమంటావు పాపా?" అన్నాడు.

అంతకు ముందెన్నడూ ఆయన నన్ను ఆ మాట అడగలేదు. నేను ఒక పెద్ద బొమ్మ చూపించాను. రకరకాల మందాల కట్టర్లను పట్టుకునే తొమ్మిది బిళ్లలతో వచ్చే హోల్డరు అది. ఆయన తల అడ్డంగా ఊపి, ఒకే బెజ్జం, ఒకే మర ఉన్న మొరటు హోల్డరు మీద వేలు పెట్టాడు. ఒక కొలత గాడికి తొమ్మిది బిళ్లలెందుకన్నాడు. ముక్కలు ఎక్కువైతే వణుకూ ఎక్కువన్నాడు. రేపు ఇంకో కొలత అడిగితే అన్నాను. అడిగిన రోజు చూద్దామన్నాడు. నేను అరిచాను. ఆయనా అరిచాడు. అమ్మ వచ్చి, వీధిలో వాళ్లు వింటాండారు అని ఇద్దరినీ లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. అన్నం వేళ దాకా కొట్లాడుకున్నాం. చివరికి ఆయన చెప్పిందే సరైనదని నాకే అర్థమైంది. ఆయన చెప్పిందే రాశాను. రాసింది రాసినట్టు చదివి వినిపించాను.